వాగు దీపాల థోర్లాకుర్

ఐస్‌లాండ్ దక్షిణపు ఒడ్డున, మంచుకొండకూ సముద్రానికీ నడుమ ఉన్న మా ఇసుక నేలలో ఏటా ఒక ఓడైనా ఇరుక్కునేది. నావికుల్ని ఒడ్డుకు చేర్చి, వేడి పాలు తాగించి, గుర్రాలెక్కించి పంపేశాక జనమంతా కలప కోసం, తాళ్ళ కోసం, తినే సరుకు కోసం పోయేవాళ్ళు. గిల్ అని పేరున్న ఇంటి థోర్లాకుర్ మాత్రం ఇంజను గది చుట్టూ తిరిగేవాడు. ఇనుమును వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. మా ఆయన బౌర్దుర్ అది చూసి, “వీడు ఓడకి నాడి చూస్తున్నాడు” అని నవ్వేవాడు.

థోర్లాకుర్, నేను ఒకే ఏడు పుట్టాం. చర్చిలో పాఠాలు ఒకే బల్ల మీద కూర్చుని వల్లె వేశాం. సన్నటి మనిషి, మాట తక్కువ, ఎవరైనా మెచ్చుకుంటే చెవులు ఎర్రబడేవి. పెళ్ళయ్యాక గిల్‌కు ఇల్లరికం వచ్చాడు. అతడి భార్య ఒడ్నీ, అత్త సల్వోర్, ముగ్గురే ఆ ఇంట్లో. ఒక బిడ్డ పుట్టి కళ్ళు తెరవకుండానే పోయింది. తర్వాత బిడ్డలు లేరు.

1928లో ఒక జర్మన్ చేపల ఓడ వచ్చి పడింది. థోర్లాకుర్ దాని బాయిలరు రేకును ముక్కలుగా కోసి, నేల గడ్డకట్టాక జారుడు బండి మీద ఇంటికి లాక్కొచ్చాడు. ఒక డేనిష్ పుస్తకం ముందు పెట్టుకుని, ఆ రేకుతో నీటి చక్రం చేశాడు. డైనమో రేక్యావిక్ నుంచి పడవలో వచ్చింది. గిల్ ఇంటి వెనక కొండ మీంచి దూకే వాగుకు అడ్డంగా చిన్న కట్ట కట్టి, నీళ్ళను గొట్టంలోకి మళ్ళించాడు. గొట్టం నోటికి చెత్త పోకుండా ఇనుప కటకటాలు పెట్టాడు. కింద లోయలో చక్రానికి ఒక చిన్న రాతి కొట్టు. అక్కడి నుంచి ఇంటిదాకా సముద్రం తెచ్చి పడేసిన దుంగలే స్తంభాలు, పగిలిన సీసాల మెడలే తీగలకు ఆసరాలు.

సల్వోర్‌కు అప్పటికి అరవై తొమ్మిది. ఆమె నోటికి మా చుట్టుపక్కల భయపడనివాళ్ళు లేరు. తీగలు సాగుతున్న రోజుల్లో నేను అక్కడికి ఉన్ని వడకడానికి వెళ్ళాను.

“అల్లుడూ, నీ తీగ ముక్క ఒకటి విరిచి చూశాను,” అంది ఆమె. “లోపల బోలు లేదు. గట్టిగా ఉంది. నీ కరెంటు ఎటునుంచి వస్తుందయ్యా?”

“బోలు అక్కర్లేదత్తా. సెప్టెంబర్లో గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు సందు నిండా కిక్కిరిసి ఉంటాయి కదా. వెనకదాన్ని నువ్వు నెట్టావనుకో, గుమ్మం దగ్గరది ఎప్పుడు కదులుతుంది?”

“అప్పుడే కదులుతుంది.”

“వెనకది ముందుదాకా నడిచొచ్చిందా?”

“అదెక్కడొస్తుంది? ఒక అడుగు జరిగుంటుంది, అంతే.”

“ఇదీ అంతే. రాగి నిండా అలాంటి గొర్రెలు ఎప్పుడూ ఉంటాయి, కంటికి ఆనవు. వాగు దగ్గర చక్రం తిరిగి వాటిని నెడుతుంది. ఇక్కడ దీపంలో ఉన్నవి కదులుతాయి. అక్కడి గొర్రె ఇక్కడికి చేరాలంటే నెలలు పడుతుంది. నెట్టుడు మాత్రం రెప్పపాటులో వచ్చేస్తుంది.”

“మరి రెండు తీగలు దేనికి?”

“వచ్చినవి తిరిగి పోవద్దూ? పోయే దారి మూసేస్తే ఒక్కటీ కదలదు.”

“వెలుతురో?”

“దీపంలో దారి వెంట్రుకంత సన్నం. అంత సందులోంచి అన్నీ తోసుకుంటూ పోతే ఒరుసుకుని కాగిపోతుంది. తెల్లగా కాగుతుంది. గాజులో గాలి తీసేశారు, అందుకని మండిపోదు.”

సల్వోర్ కదురు ఆపింది.

“అన్ని గొర్రెలుంటే పెంటికలూ ఉంటాయిగా. నా పక్క మీద రాలకుండా చూడు,” అంది.

ఒడ్నీ నవ్వి నవ్వి ఉన్ని ఉండ కింద పడేసింది. అంత కఠినమైన చలికాలంలోనూ ఆ ఇంట్లో నవ్వు వినపడేది.

మరుసటి అక్టోబరులో దీపం వెలిగింది. అందరూ పడుకునే, కూర్చునే ఆ పెద్దగదిలో, దూలానికి వేలాడిన గాజు బుడ్డి ఒక్కసారిగా తెల్లబడింది. ఒడ్నీ దీపాన్ని చూడలేదు. తల్లి ముఖం చూసింది.

“అమ్మా, నువ్వింత ముసలిదానివయ్యావా?”

“నువ్వేం తక్కువ తిన్నావు? నీ పాపిట్లో నాలుగు తెల్లవెంట్రుకలు నాకు ఇక్కడిదాకా కనబడుతున్నాయి.”

తల్లి మాటకు నవ్వినా ఆ సాయంత్రం ఒడ్నీ ఆమె పక్కనే కూర్చుందని, చెయ్యి వదల్లేదని థోర్లాకుర్ తర్వాతెప్పుడో నాతో అన్నాడు.

అక్కణ్ణుంచి అతడికి ఇంట్లో కాలు నిలవలేదు. తూర్పున ఒక రైతు, పడమట ఒక రైతు. అందరికీ వాగులున్నాయి, చేసేవాడు అతడొక్కడే. గడ్డి కోతలయ్యాక వెళ్తే మళ్ళీ క్రిస్మస్‌కు ఇంటికొచ్చేవాడు, జనవరిలో మళ్ళీ పనిముట్లు గుర్రం మీద వేసేవాడు. అయిదేళ్ళలో ఇరవై మూడు ఇళ్ళు. ఊళ్ళో వాళ్ళు ‘వాగు దీపాల థోర్లాకుర్’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా చెవులు ఎర్రబడేవి కానీ, వద్దనేవాడు కాదు.

అతడు లేనప్పుడు గిల్ దీపాన్ని ఒడ్నీ చూసుకునేది. మా చలికాలంలో గడ్డకట్టే గాలికి మంచు కూడా తోడైతే వాగు నీళ్ళు జావలా చిక్కబడతాయి. ఆ జావ పోయి కటకటాలకు పట్టుకుంటుంది. గొట్టంలోకి నీళ్ళు తగ్గుతాయి, చక్రం నెమ్మదిస్తుంది, ఇంట్లో దీపం మెల్లమెల్లగా పసుపై, ఎర్రబడుతుంది. ఒడ్నీ సాయంత్రాలు తల్లికి పుస్తకం చదివి వినిపించేది. వాక్యం మధ్యలో అక్షరాలు మసకబారితే పేజీలో ఊలు పోగు పెట్టి లేచేది. మొగుడి తోలు కోటు వేసుకుని, ఇనుప పళ్ళ దంతె పట్టుకుని కొండెక్కేది. కట్ట మీద వేసిన పలక మీద నిలబడి, కటకటాలకు పట్టిన జావను గీకేసేది. ఇంట్లో దీపం తిరిగి తెల్లబడగానే సల్వోర్ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. కూతురు దిగివచ్చేసరికి కాఫీ మరిగి ఉండేది.

దీనికి మందు థోర్లాకుర్‌కు తెలుసు. కట్టను ఇంకా పైకి, ఊట పుట్టేచోటికి జరిపి, నీళ్ళను రాళ్ళ కప్పు కింద నడిపిస్తే జావ కట్టదు, ఎవరూ పైకి ఎక్కనక్కర్లేదు. ఒక వేసవి పని. ప్రతి వేసవికీ ఎవరో ఒకరి ఇల్లు ముందుకొచ్చేది. ఒడ్నీ ఒక్కసారే అడిగిందట, “మన ఇల్లు ఎన్నో నంబరు?” అని. వచ్చే ఏడు అన్నాడట.

1934 జనవరిలో అతడు బక్కి అని పేరున్న మా ఇంటికి వచ్చాడు. గిల్‌కు మేము పడమట మూడో ఇల్లు. మూడు వారాలు మాతోనే తిన్నాడు, మాతోనే పడుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. చక్రం తిప్పి చూసి, తృప్తిగా తల ఊపి, దీపం వెలిగించకుండానే ఆపేశాడు. మొదటి వెలుగు ఇంటివాళ్ళ చేత్తో వెలగాలని అతడికొక పట్టింపు.

“ఇప్పుడే వెలిగించుకోండి. నేను బయల్దేరతాను,” అన్నాడు.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“అదేం మాటయ్యా? ఆదివారం పాస్టరుగారు వస్తున్నారు. అయిదిళ్ళ వాళ్ళని పిలిచాను. చేసినవాడివి నువ్వు లేకుండా మేమేం వెలిగిస్తాం? రెండు రోజులు ఆగు.”

అతడు కిటికీలోంచి ఉత్తరం వైపు చూశాడు. మంచుకొండ మీద ఆకాశం సీసం రంగులో ఉంది.

“గాలి మారేట్టుంది,” అన్నాడు.

“ఒడ్నీ చూసుకోదూ? నీకన్నా బాగా చూసుకుంటుంది.”

“అది నిజమే,” అన్నాడు. తల దించుకుని చిన్నగా నవ్వాడు. గుర్రం మీది జీను విప్పేశాడు.

శనివారం మంచుగాలి లేచింది. ఇంటి తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి గోడ. థోర్లాకుర్ రోజంతా మా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆదివారం పొద్దున గాలి తగ్గింది. పాస్టరుగారు గుర్రం మీద వచ్చారు, పిలిచినవాళ్ళలో దగ్గరివాళ్ళు కూడా వచ్చారు. నేను సన్నటి అట్లు పోసి చక్కెర చల్లి మడిచాను. పొగబెట్టిన గొర్రె మాంసం కోసి పెట్టాను. పాస్టరుగారు నాలుగు మంచి మాటలు చెప్పి, ఈ వెలుగు తెచ్చిన చేతుల్ని దేవుడు దీవించాలన్నారు. నేను మీట నొక్కాను. గది తెల్లబడింది. అందరూ ఒక్కసారే థోర్లాకుర్ వైపు తిరిగారు. అతడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అంత సంతోషం ఆ ముఖంలో నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రెండో విడత కాఫీ పోస్తుండగా కుక్కలు మొరిగాయి. గిల్ పక్కింటి రైతు లోపలికొచ్చాడు. టోపీ తీసి పట్టుకున్నాడు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

“థోర్లాకుర్, నువ్వొకసారి ఇంటికి రావాలి,” అన్నాడు.

“ఎవరికి?” అని అడిగాడు థోర్లాకుర్. ఏమైందని అడగలేదు.

శనివారం ఏం జరిగిందో చాలా నెలల తర్వాత సల్వోర్ నోటనే విన్నాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది, దీపం ఎర్రబడింది. తల్లి వద్దంది. “కిరోసిన్ దీపం ఉందిగా, ఈ ఒక్కరోజుకి దాన్ని వెలిగించు,” అంది. ఒడ్నీ వినలేదు. ఆవుల కొట్టంలో కూడా అదే దీపం, ఆ రోజో మర్నాడో ఒక ఆవు ఈనేలా ఉంది. ఎప్పటిలాగే తోలు కోటు వేసుకుని వెళ్ళింది. అరగంటకు దీపం తెల్లబడింది. “ఎన్నడూ లేనంత తెల్లగా,” అంది సల్వోర్. ఆమె కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. కాఫీ మరిగింది. ఇంకా ఒడ్నీ రాలేదు. ఇంతలో దీపం వెలుగు మళ్ళీ పడిపోయింది.

“జావ పడితే మెల్లగా తగ్గుతుంది స్టెయ్నున్, నీకూ తెలుసుగా. అప్పుడు అలా కాదు. ఒక్కసారిగా నిప్పుకణికలా అయిపోయింది. మళ్ళీ జావ కమ్మిందేమో, నా తల్లి దాంతో కొట్లాడుతోందేమో అనుకున్నాను. అనుకుంటూ కూర్చున్నాను. గుమ్మంలో నిలబడి కేకేశాను. నా చెయ్యి నాకే కనపడలేదు.”

డెబ్బై నాలుగేళ్ళ సల్వోర్ తెల్లారాక పాక్కుంటూ ఆ కొండ ఎక్కింది. పలక మీద అద్దంలా మంచు పేరి ఉంది. ఒడ్నీ కట్ట వెనక నీళ్ళలో, కటకటాలను ఆనుకుని ఉంది. నీళ్ళు ఆమెను అక్కడికి లాక్కెళ్ళి గొట్టం నోటికి అదిమిపెట్టాయి. దీపం రెండోసారి ఎందుకు పడిపోయిందో ఆ తల్లికి అప్పుడు అర్థమైంది.

సమాధికి నేల తవ్వడానికి మగవాళ్ళకు రెండు రోజులు పట్టింది. థోర్లాకుర్ చర్చి నుంచి ఇంటికి వెళ్ళి, మొదటి స్తంభం ఎక్కి, తీగలు రెండూ కత్తిరించేశాడు. దూలానికి వేలాడే బుడ్డిని తీసి పెట్టెలో పెట్టాడు. కిరోసిన్ దీపం మళ్ళీ గోడకెక్కింది.

మార్చిలో నేను వాళ్ళను చూడటానికి వెళ్ళాను. ఇద్దరూ ఎదురెదురు మంచాల మీద కూర్చుని ఎండుచేప చీల్చుకుని వెన్న రాసుకు తింటున్నారు. నేను కూర్చున్నాక సల్వోర్ చేతిలోది పక్కన పెట్టింది.

“ఈమె ఎదుటే అడుగుతున్నాను అల్లుడూ. తీగ ఎప్పుడు కడతావు?”

“కట్టనత్తా.”

“ఎందుకని?”

“అది వెలిగితే నేను దాన్నే చూస్తూ కూర్చుంటాను.”

“చూడు. నేనూ చూస్తాను. ఈ చీకట్లో మాత్రం నువ్వేం చూస్తున్నావు, నాకు తెలియదా? నా కూతురు దాన్ని బాగుచెయ్యడానికి వెళ్ళింది. బాగుచేసింది. ఆ తెలుపు నేను చూశాను, నువ్వు చూడలేదు. అది చేసిన ఆఖరి పనిని నువ్వు కత్తిరించి పారేశావు.”

అతడు లేచి గొర్రెల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటిదాకా రాలేదు. చేప మీద వెన్న గడ్డకట్టింది. సల్వోర్ అది చూస్తూ, “నేను మంచి ఆడదాన్ని కాదు స్టెయ్నున్,” అంది. “కానీ వాడు ఇలా కూర్చుంటే ఏడాది తిరక్కుండా వాణ్ణీ పాతిపెట్టాలి. ఇంక నాకెవరున్నారు?”

మంచు కరగ్గానే అతడు గడ్డపార తీసుకుని కొండెక్కాడు. పాత కట్టను తవ్వి పారేశాడు. ఊట దగ్గర కొత్తది కట్టి, నీళ్ళను పలక రాళ్ళ కింద నడిపించి, పైన మట్టిగడ్డలు పరిచాడు. ఆగస్టులో తీగలు మళ్ళీ కలిపాడు. గొట్టం నోరు ఇప్పుడు ఎవరికీ కనపడదు, గొర్రెలు దాని మీద మేస్తాయి.

ఆ తర్వాత అతడు కొత్తగా ఒక్క ఇంటికీ దీపం పెట్టలేదు. పెట్టిన ఇళ్ళకే ఒక్కొక్కదానికీ తిరిగి వెళ్ళాడు. ప్రతిచోటా కటకటాలను భూమి కిందికి దించి, రాళ్ళ కప్పు వేసి, రాయి వెయ్యడానికి కుదరని చోట చేతికి ఆసరాగా ఇనుప కడ్డీ పాతాడు. ఏ ఇంట్లోనూ ఏమీ తీసుకోలేదు. ఒక్కో ఇంటికి ఒక నెల, కొన్నిటికి రెండు. కొత్త దీపం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు విసుగొచ్చింది. “ముందు అయినవాటి పని చూడనివ్వండి,” అనేవాడు. తూర్పున ఒక పెద్ద రైతు, “మా ఆడవాళ్ళు కొండమేకలయ్యా, జారరు. అనవసరంగా నా గట్టు తవ్వకు,” అన్నాడట. థోర్లాకుర్ ఆ మాట విని, గుర్రం మీంచి సామాను దించి, తిన్నగా గట్టు మీదికి వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడట. రైతు భార్య ఎవరూ చెప్పకుండానే అతడికి మూడు పూటలా భోజనం పైకి పంపింది.

మా ఇంటికి ఆఖర్న వచ్చాడు. అతడు దీపం పెట్టిన ఇళ్ళలో దగ్గరిది మాదే అయినా నాలుగేళ్ళు రాలేదు. ఆ నాలుగేళ్ళూ నేను చర్చిలో అతడి వెనక బల్ల మీద కూర్చుని మెడ చూస్తూ గడిపాను, ముందుకెళ్ళి పలకరించే ధైర్యం లేక. 1938 జూన్‌లో ఒక పొద్దున అతడి గుర్రం మా పెరట్లో కనపడింది. మనిషి అప్పటికే వాగు దగ్గర ఉన్నాడు.

మూడో రోజు నేను కాఫీ తీసుకుని పైకి వెళ్ళాను. అతడు మోకాళ్ళ మీద కూర్చుని రాయి సరిచేస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నాకూ అతడికీ అప్పటికి నలభై నాలుగు.

“ఆ రోజు నిన్ను వెళ్ళనివ్వనిది నేను,” అన్నాను. నాలుగేళ్ళుగా మనసులో ఎన్ని రకాలుగా కూర్చుకున్నా చివరికి నోటికొచ్చింది ఇంతే.

అతడు రాయిని అటూ ఇటూ కదిపి, కుదిరాక చెయ్యి తీశాడు.

“అడిగింది నువ్వు. ఉండిపోయింది నేను.”

“నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను థోర్లాకుర్.”

“నీకా ఆకాశం సంగతి తెలియదు స్టెయ్నున్. నాకు తెలుసు. పైన వాగు ఏమవుతుందో, పలక ఎలా ఉంటుందో, ఒడ్నీ దంతె పట్టుకుని వెళ్తుందని కూడా తెలుసు.” అతడు కాఫీ అందుకున్నాడు, తాగలేదు. “పాస్టరుగారి ఎదట వెలిగించాలని నాకూ ఉండింది. నలుగురూ నావైపు చూడాలని ఉండింది. అదీ సంగతి. ఇది నువ్వు మోయాల్సింది కాదు.”

నేను ఏడ్చాను. ఓదార్చాలో వద్దో అతడికి తెలియలేదు. చివరికి, “ఆ పలక రాయి కాస్త ఇటు జరుపుతావా, నాకు అందట్లేదు,” అన్నాడు. జరిపాను. ఇంకోటి జరిపాను. సాయంత్రందాకా అతడికి రాళ్ళు అందిస్తూ ఉండిపోయాను. మేమిద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా ఇంట్లో దీపం అప్పటికి నాలుగేళ్ళుగా వెలుగుతూనే ఉంది. నిజం చెప్పాలంటే, ఆ నాలుగేళ్ళలో అది కాస్త ఎర్రబడితే చాలు, చేతిలో పని వదిలేసి లేచేదాన్ని. బౌర్దుర్‌ను నడుముకు తాడు కట్టుకోకుండా పైకి వెళ్ళనిచ్చేదాన్ని కాదు.

అత్తా అల్లుళ్ళు మరో మూడేళ్ళు కలిసి బతికారు. సాయంత్రాలు పుస్తకం ఇప్పుడు థోర్లాకుర్ చదివేవాడు. బాగా చదవలేడు, కూడబలుక్కుంటాడు. “నువ్వు చదివితే కథలో వాళ్ళందరికీ నత్తి వచ్చినట్టుంది,” అనేది సల్వోర్. అయినా ఆపనిచ్చేది కాదు. 1941 వసంతంలో ఆమె నిద్రలోనే పోయింది. గొర్రెల్ని పక్కిళ్ళవాళ్ళకు పంచి, ఇల్లు ఒడ్నీ చిన్నాన్న కొడుక్కి అప్పగించి, థోర్లాకుర్ పడవెక్కి ఎదుటి దీవులకు వెళ్ళిపోయాడు. అక్కడ వలలు బాగుచేసే కొట్టులో పదకొండేళ్ళు పనిచేశాడు. క్రిస్మస్‌కు నాకొక ఉత్తరం రాసేవాడు, రెండు వాక్యాలు మించకుండా. ఒకటి వాతావరణం, రెండోది బౌర్దుర్ ఎలా ఉన్నాడని.

1952 ఆగస్టులో అతడి శవపేటిక పడవలో వచ్చి, తర్వాత లారీలో మా చర్చికి చేరింది. ఒడ్నీ సమాధికి ఒక పక్క రాతి గోడ ఉంది, రెండో పక్క సల్వోర్ ఉంది. అందుకని అతణ్ణి అత్త పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ సంగతికి ఎవరికో నవ్వొచ్చి, వెంటనే ఆపుకున్నారు. సన్నగా వాన పడుతోంది. కోసిన గడ్డి అందరికీ ఇంకా పొలాల్లోనే ఉంది, కాఫీ కూడా తాగకుండా ఇళ్ళకు వెళ్ళిపోయాం.